నాన్న అట్లాస్ మీద ఒక వారం

దీపావళికి హైదరాబాద్ వెళ్లడమే దీనికంతటికీ మూలం. మా అబ్బాయి కోకాపేటలో ఉంటాడు. పండగ మర్నాడు తెల్లారకుండానే లేపి, "రా నాన్నా, మా సైకిల్ ట్రాక్ చూద్దువుగాని" అని బయల్దేరదీశాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సర్వీసు రోడ్డుని ఆనుకుని వేసిన దారి అది. 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, కలిపి 23. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన పొడుగునా సోలార్ పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల కరెంటు. మా వీధిలో పెళ్లయితే ఇంటి ముందు నాలుగు గుంజల పందిరి వేస్తారు. ఇక్కడ సైకిళ్లకి మైళ్ల కొద్దీ పందిరి వేశారు.

గేర్ల సైకిల్ అద్దెకి తీసుకుని గంటన్నర తొక్కాను. సైకిల్ అంత మెత్తగా నడుస్తుందని నాకు యాభై ఐదేళ్లకి తెలిసింది. చుట్టూ హెల్మెట్లు, ఒంటికి అతుక్కునే బట్టలు, హ్యాండిల్ మీద ఫోన్లు. బాగానే ఉంది. ఒకటే కొంచెం వింతగా తోచింది. ఎవరి సైకిల్‌కీ టిఫిన్ క్యారేజీ లేదు. తలతిప్పి చూస్తే కంచె అవతల సర్వీసు రోడ్డు మీద, టిప్పర్ల దుమ్ములో, పసుపు టోపీ పెట్టుకున్న కూలీ ఒకతను తుప్పు పట్టిన సైకిల్ తొక్కుకుంటూ పోతున్నాడు. అతని హ్యాండిల్‌కి ఉంది క్యారేజీ.

"అతను ఇందులోంచి రావచ్చు కదరా?"

"రావచ్చు నాన్నా. కానీ అతను ఎక్కాల్సిన చోట, దిగాల్సిన చోట ఇది ఉండదేమో."

ఆ మాట రైల్లో వస్తున్నంతసేపూ బుర్రలో తిరిగింది.

మాది బరంపురం. రైలు స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది గానీ మా నోట్లో బరంపురమే. మా తాత పుట్టినప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. ఆ తర్వాత మా నాన్న అదే ఇంట్లో, అదే గదిలో ఒడిశావాడై పుట్టాడు. ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే వచ్చి మా మీద కూర్చుంది. నాన్న పట్టుచీరల మగ్గం మీద బతికాడు. నేసిన చీరల్ని పాత పంచెలో మూటగట్టి, అట్లాస్ సైకిల్ వెనక క్యారియర్‌కి బిగించి, బడా బజారు కొట్లకి వేసేవాడు. బరంపురం పట్టుకి 2012లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అన్న సర్కారు గుర్తింపు, వచ్చేనాటికి ఆయన లేడు. సైకిల్ మాత్రం పెరటి వసారాలో కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. ఆ అట్లాస్ కంపెనీ ఆఖరి ఫ్యాక్టరీ కూడా 2020లో మూతపడింది. ఏ రోజునంటే జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడు. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ భలే పెట్టారు.

నా ఆఫీసు గోపాల్‌పూర్ రోడ్డులో, భంజ విహార్ దగ్గర. గేట్ బజారు వెనక మా ఇంటి నుంచి సుమారు 12 కిలోమీటర్లు. ఇరవై ఏళ్లుగా స్కూటర్ మీదే పోతున్నాను. సైకిల్‌కి కొత్త టైర్లు, ట్యూబులు, సీటు వేయించాను. బెల్లు మాత్రం పాతదే. వారం రోజులు తొక్కి చూస్తానని మా ఆవిడతో అంటే, "ఇన్సూరెన్స్ కట్టారా?" అని అడిగింది.

సోమవారం

ఎనిమిదింటికి బయల్దేరాను. డిసెంబరు చలి, మఫ్లరు. మా సందు దాటకముందే ఎదురింటి పిన్ని, "ఏటి బాబూ, స్కూటరు అమ్మీసారా?" అంది. సందు చివర పాలబూత్ అతను, "గాడి ఖరాప్ కి?" అన్నాడు. కోర్టుపేటలో మా ఆఫీసు గుమాస్తా ఒకాయన బైక్ పక్కన ఆపి, "మెకానిక్ దగ్గరకా? ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు. సైకిల్ ఎక్కితే ఇంకేదో పాడైనట్టే లెక్క. ఆఫీసుకి చేరేలోగా నలుగురికి జవాబు చెప్పాను. నాలుగోవాడికి నిజం చెప్పే ఓపిక లేక, "అవును, రిపేరే" అన్నాను.

టౌన్‌లో ఉన్నంతసేపూ సుఖమే. బరంపురం సందులు ఇరుకు, కారు దూరితే ఇరుక్కుంటుంది, సైకిల్ మాత్రం నీళ్లలా జారిపోతుంది. పెద్దరోడ్డు మీదికి వచ్చాకే తంటా. హలదియాపదర్ దగ్గర 16వ నంబరు హైవే దాటాలి. చెన్నై, కలకత్తా లారీలు. స్కూటర్ మీద ఆ చోటు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు. సైకిల్ మీద అక్కడ కాలు కింద పెట్టి నిలబడితే, లారీ వెళ్లిన ప్రతిసారీ గాలి చొక్కాని వెనక్కి లాగింది. ఐదు నిమిషాలు నిలబడ్డాను. చివరికి నీలం యూనిఫాం ఆడపిల్లలు ఆరుగురు సైకిళ్ల మీద గుంపుగా వచ్చి, చెయ్యెత్తి, గలగలా మాట్లాడుకుంటూ దాటేశారు. వాళ్ల తోకలో నేనూ దాటాను. ఒడిశాలో హైస్కూలు పిల్లల సైకిళ్లకి సర్కారు సాయం ఇస్తుంది. ఆ సైకిళ్లతో ఊళ్లకి ఎంత మేలు జరిగిందో పెద్దలు లెక్కలు చెబుతారు. నాకు మాత్రం ఆ పూట జరిగిన మేలు అది.

గంటా పది నిమిషాలు పట్టింది.

మంగళవారం

పిర్రల నొప్పి. కొత్త సీటుకీ నాకూ ఇంకా పరిచయం కుదరలేదు.

కానీ ఒక సంగతి కనిపెట్టాను. పొద్దున గోపాల్‌పూర్ వైపు తొక్కుతుంటే గాలి వీపున తోస్తోంది. సాయంత్రం ఇంటికి వస్తుంటే మళ్లీ వీపునే. మొదట అనుమానపడి, వేలు తడిపి పైకెత్తి మరీ చూశాను. చిన్నప్పుడు సైన్సులో చదివిందే. రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది, తెల్లారి గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. పగలు నేల వేడెక్కుతుంది, సాయంత్రానికి గాలి సముద్రం మీంచి లోపలికి వస్తుంది. పరీక్షలో ఐదు మార్కులకి రాశాను గానీ ఒంటి మీద పడ్డం ఇదే మొదలు. పొద్దున సముద్రం వైపు, సాయంత్రం ఊరి వైపు ఉద్యోగం చేసేవాడికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన పెట్రోలు ఇది. సముద్రం వైపు ఊళ్ల నుంచి బరంపురం ఉద్యోగాలకి వచ్చేవాళ్లకి రెండు పూటలా ఎదురుగాలే. పాపం.

తారు అంచున తెల్లగీత ఉంటుంది కదా, దాని అవతల మూడడుగుల జాగా. నా మట్టుకు అదే సైకిల్ ట్రాక్ అనుకున్నాను. రంగేయిలుండ దాటాక ఆ మూడడుగుల్లోనూ ధాన్యం ఆరబోశారు. కోతలు అయిన కాలం, ఎండ తక్కువ, తారు వేడిగా ఉంటుంది. రాళ్లు వరసగా పేర్చి హద్దు కట్టారు. నేను రాళ్ల ఇవతలికి, అంటే లారీల వైపుకి జరగాలి. బెల్లు కొట్టాను. గోనెపట్టా మీద కూర్చున్న ముసలాయన తల ఎత్తి, ఒడియాలో, "ధాన్యానికి బెల్లు కొడితే లేస్తుందా బాబూ?" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆయనకి కళ్లం లేదు, నాకు దారి లేదు, ఇద్దరికీ కలిపి మూడడుగులు.

బుధవారం

ఇంటికి వస్తుంటే హలదియాపదర్ ఇవతల వెనక చక్రం బుస్సుమంది. అరకిలోమీటరు నడిపించాను. చింతచెట్టు కింద గోనెపరదా, వేలాడుతున్న టైరు, నీళ్ల తొట్టి. డెబ్బై ఏళ్ల మేస్త్రీ.

"కూర్చో బాబూ," అన్నాడు తెలుగులోనే, మా వైపు యాసలో.

ఆయన చక్రం విప్పలేదు. సైకిల్ని పక్కకి వాల్చి, రెండు ఇనప పట్టీలు టైరు అంచులోకి దూర్చి, కొబ్బరిపీచు తీసినట్టు ఒక పక్క ఎత్తి, ట్యూబుని పేగులా బయటికి లాగాడు. కొంచెం గాలి కొట్టి తొట్టి నీళ్లలో ముంచి, బెత్తెడు బెత్తెడుగా తిప్పాడు. ఒకచోట సన్నని బుడగల దారం లేచింది. దాని మీద బొటనవేలు పెట్టి, తుడిచి, రంగు పెన్సిల్‌తో గుండ్రం చుట్టాడు. గరుకు కాగితంతో ఆ చోటు నల్లదనం పోయి బూడిదరంగు వచ్చేదాకా రుద్దాడు. సొల్యూషన్ రాసి, వదిలేశాడు.

నేను ముక్క అందించబోయాను. "ఆగండి. తడి మీద అతికిస్తే పట్టదు. ఆరాలి. అందరూ ఇక్కడే కంగారు పడతారు," అన్నాడు. బీడీ సగం కాల్చేంతసేపు ఆగి, వేలి వెనకభాగం ఆనించి చూసి, అప్పుడు ముక్క అతికించి సుత్తి వెనకతో తట్టాడు. ఆ తర్వాత చేసిన పని నేను మరచిపోను. ఖాళీ టైరు లోపలికి చెయ్యి పెట్టి, చుట్టూ నెమ్మదిగా, గుడ్డివాడు ముఖం తడిమినట్టు తడిమాడు. తుమ్మముల్లు దొరికింది. "ఇది తియ్యకుండా పంపిస్తే, మీరు రేపు మళ్లీ నా దగ్గరికే వస్తారు. బేరం బాగుంటుంది గానీ నిద్ర పట్టదు," అన్నాడు.

ముప్పై రూపాయలు. జేబులో చెయ్యి పెడితే పర్సు లేదు. ఇరవై ఏళ్ల అలవాటు, పర్సు స్కూటర్ డిక్కీలో ఉంది, స్కూటర్ ఇంట్లో ఉంది. ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చింది.

"రేపు ఇవ్వండి బాబూ. ఎలాగూ ఇటే పోతారు కదా."

గురువారం

మార్గశిర గురువారం. ఈ ఊళ్లో ఆ రోజు తెల్లారకముందే మొదలవుతుంది. ఒడియా ఇళ్లలో బియ్యప్పిండి నీళ్లలో కలిపి, వేళ్లతో ఝోటి వేస్తారు. వీధిలోంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి దేవుడి గది దాకా లక్ష్మీదేవి పాదాలు. తెలుగు ఇళ్లలో మనం చుక్కలు పెట్టి ముగ్గు. మా సందులో ఇళ్లు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి ఒక గుమ్మం ముందు పిండి పాదాలు, పక్క గుమ్మం ముందు పద్మం, ఆ తర్వాత మళ్లీ పాదాలు. గోడ నుంచి గోడకి సందు ఆరడుగులు. ఎక్కడ తొక్కాలి?

స్కూటర్ మీద ఇన్నేళ్లూ ఏం చేశానో గుర్తు తెచ్చుకుంటే సిగ్గేసింది. దాని మీద నుంచే పోయి ఉంటాను. సైకిల్ దిగాను. హ్యాండిల్ పట్టుకుని, కాలువ గట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు వేసుకుంటూ, చక్రం ఏ పాదం మీదా పడకుండా నడిపించాను. ఇరవై ఇళ్లకి పావుగంట. ఎదురింటి పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తూ, "పక్కన తడి ఆరిపోయింది, ఎక్కీండి బాబూ," అంది. ఎక్కలేదు.

ఇంకో చిక్కు. పొద్దునే పర్సు తీసి ముప్పై రూపాయలు చొక్కా జేబులో పెట్టుకుంటుంటే మా ఆవిడ పూజ గదిలోంచే చూసింది. "గురువారం నాడు ఇంట్లో లక్ష్మిని బయటికి పంపుతారా?" మార్గశిర గురువారాల్లో డబ్బు ఇవ్వకూడదు. ఒడియావాళ్లూ పాటిస్తారు, మావాళ్లూ పాటిస్తారు. అప్పు అని చెప్పాను. "అప్పైతే రేపు తీర్చండి." చింతచెట్టు దగ్గర మేస్త్రీకి మొహం చాటేసి, తల వంచి, గట్టిగా తొక్కేశాను. ఆయన చూడనే చూశాడు. చెయ్యి ఊపాడు.

శుక్రవారం

శుక్రవారం కూడా ఇవ్వకూడదట. నాకు ముందే తట్టాలి.

గంటకి వచ్చేశాను. పది నిమిషాలు తగ్గింది. కాళ్లు కుదురుకున్నాయేమో అనుకున్నాను గానీ అసలు సంగతి వేరు. వారం మొదట్లో నేను ఒంటరిగా తొక్కాను. ఇప్పుడు జట్టు కుదిరింది. కోర్టుపేట దాటాక అప్పడాల కట్టలు వేసుకుని ఒకతను కలుస్తాడు. మా ఊరి అప్పడాలు, ఆవకాయలు పేరున్న సరుకు. పల్చటి అప్పడాలు విరక్కుండా పోవాలంటే ఎలా తొక్కాలో ఆయన్ని చూసి నేర్చుకోవాలి, గుంత వచ్చినప్పుడు సీటు మీంచి అంగుళం లేస్తాడు, అంతే. హైవే దగ్గర ఆరుగురు పిల్లలు. అవతల ఇద్దరు తాపీమేస్త్రీలు, తాపీలు క్యారియర్‌కి కట్టుకుని. ముందువాడు గుంత చూస్తే చెయ్యి పక్కకి చాపి చూపిస్తాడు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. లారీవాడు ఒక్క సైకిల్‌ని లెక్కచెయ్యడు గానీ పదింటిని చూస్తే హారన్ కొట్టి వేగం తగ్గిస్తాడు.

వీళ్లలో ఎవరూ తమని సైక్లిస్టులు అనుకోరు. ఆ మాట వాళ్ల దగ్గర అంటే నవ్వుతారు. భువనేశ్వర్‌లో 2018లో హాకీ ప్రపంచ కప్పుకి ముందు 'మో సైకిల్' అని అద్దె సైకిళ్లు పెట్టారు. మంచిదే. హైదరాబాద్ పందిరీ మంచిదే. ఆ రోజు సాయంత్రం అబ్బాయి ఫోన్ చేసి, "మరి మీ ఊళ్లో ట్రాక్ ఎప్పుడు నాన్నా?" అన్నాడు. ఎప్పుడు కన్నా ఎక్కడ అన్నది ముందు అడగాలిరా అన్నాను. వేసేవాళ్లు పొద్దున ఎనిమిదిన్నరకి హైవే దగ్గర ఒక్క వారం నిలబడి చూస్తే చాలు, గీత ఎక్కడ గియ్యాలో అప్పడాలాయన చక్రమే చెబుతుంది. అబ్బాయి, "నువ్వు లెటర్ రాయి నాన్నా," అన్నాడు. ఇదిగో, ఇది రాస్తున్నాను.

శనివారం

వెళ్లాను, వచ్చాను. చింతచెట్టు కింద పరదా దించి ఉంది. మేస్త్రీ రాలేదు.

ఆదివారం

సెలవు. అయినా కాళ్లు ఊరుకోలేదు. ఇంకో నాలుగు కిలోమీటర్లు తొక్కితే గోపాల్‌పూరే కదా అని ఐదున్నరకే బయల్దేరాను. ఇసకలో పడిపోతుందని ఫోను ఇంట్లో పెట్టి, పర్సు మాత్రం గుర్తుగా జేబులో వేసుకున్నాను.

భంజ విహార్ దాటాక గాలిలో ఉప్పు తెలుస్తుంది. దారి పక్క మొగలి పొదలు. గంజాం మొగలిపువ్వు అత్తరు ఎక్కడెక్కడికో పోతుంది గానీ డిసెంబరులో పొదలకి ముళ్లు తప్ప ఏమీ లేవు. తీరంలో పాత రేవు స్తంభాలు, లైట్‌హౌసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. ఆ రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయాయి, సైకిల్ కొక్కేనికే ఉంది.

బోట్లు వచ్చే వేళ. ఇక్కడి బెస్తవాళ్లని ఒడియాలో నోలియాలంటారు, ఇంట్లో మాట తెలుగే. వలలోంచి చేపలు తీస్తున్న ఆవిడ నా సైకిల్ని చూసి, "బేరానికొచ్చారా, ఊరికే చూడ్డానికొచ్చారా?" అంది. ఊరికే చూడ్డానికి వచ్చినవాడు బేరానికి దిగితే ఏమవుతుందో అదే అయింది. పర్సులో ముప్పై మిగిల్చి అంతా చేపలకి పోసి, సంచీ హ్యాండిల్‌కి తగిలించుకున్నాను. తిరుగుదారిలో సంచీలోంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారి ముందు చక్రం మీద పడుతూ వచ్చాయి. ఒక కుక్క రంగేయిలుండ దాకా సాగనంపింది. ధాన్యం ఎత్తేశారు. మూడడుగులూ ఖాళీ.

పరదా ఎత్తి ఉంది. సైకిల్ దిగి, ముందు డబ్బు తీసి ఇచ్చాను. మూడు పది నోట్లు. ఆయన తీసుకుని, కళ్లకద్దుకుని, గల్లాపెట్టెలో వేశాడు. నా సైకిల్ వంక చూశాడు. వెనక చక్రం పైకెత్తి తిప్పి, బ్రేకు నొక్కి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"రబ్బర్లు అరిగిపోయాయి బాబూ. ఇనుము మీద ఇనుము పడుతోంది. హైవే దగ్గర ఆగదు. మార్చీమంటారా? జత నలభై."

పర్సు తెరిచి చూపించాను. చేపల సంచీ కూడా చూపించాను. ఆయన అప్పటికే రెంచీ తీశాడు.

"రేపు ఇవ్వండి," అన్నాడు. "రేపు సోమారమే కదా."